పీసీఎల్ స్కాఫోల్డ్‌కి ట్రీట్‌మెంట్ చేసినా, చేయకపోయినా రీడింగ్ ఒకటే వస్తోంది. ఎందుకు?

కొత్తపోగు | సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఎంటెక్ రెండో ఏడు చదువుతున్నా. ఎముక కణజాలం కోసం పీసీఎల్‌తో (పాలీకాప్రోలాక్టోన్, ఒంట్లో మెల్లగా కరిగిపోయే ప్లాస్టిక్) స్కాఫోల్డ్‌లు, అంటే కణాలు ఎక్కి పెరిగే జాలీలు, ప్రింట్ చేస్తున్నా. పాలిమర్‌ని కరిగించి నాజిల్‌లోంచి పోగులుగా తీసే మామూలు పద్ధతే. పోగు మందం 400 మైక్రాన్లు, పోగుకీ పోగుకీ మధ్య సందు కూడా దాదాపు అంతే. ఒక వరస నిలువు, దాని మీద వరస అడ్డం. మొత్తం ఎత్తు 5 మి.మీ.

పీసీఎల్ నీటిని దగ్గరకు రానివ్వదు కాబట్టి ఉపరితలాన్ని మార్చమని మా గైడ్ గారు చెప్పారు. ఒక గుంపుని 3 మోలార్ గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ (కాస్టిక్ సోడా) ద్రావణంలో రాత్రంతా ఉంచాను. ఇంకో గుంపుకి ఆక్సిజన్ ప్లాస్మా (విద్యుత్తుతో చురుకెక్కించిన వాయువు) కొన్ని నిమిషాలు. మూడో గుంపుకి ఏమీ చేయలేదు. ట్రీట్ చేసిన రెండింటి మీదా నీటి చుక్క వేస్తే ఇట్టే ఇంకిపోతోంది. చేయనిదాని మీద గుండ్రంగా నిలబడుతోంది, కాంటాక్ట్ యాంగిల్ (చుక్క అంచు ఉపరితలంతో చేసే కోణం) 120 డిగ్రీలు దాటింది. ఇక్కడిదాకా అంతా బాగుంది.

అసలు చిక్కు కణాలు వేశాక. ఎంసీ3టీ3 కణాలు (ల్యాబ్‌లో పెంచే ఎలుక ఎముక కణాలు) వేసి ఒకటో రోజు, మూడో రోజు, ఏడో రోజు అలమార్ బ్లూ (బతికున్న కణాలు ఎన్నో రంగు మార్పుతో చెప్పే పరీక్ష) చూశాను. మూడు గుంపులకీ ఇంచుమించు ఒకటే రీడింగ్. ట్రీట్‌మెంట్ చాల్లేదు, 5 మోలార్ చెయ్యి అంటున్నారు గైడ్ గారు. అది మొదలుపెట్టే ముందు ఇక్కడ అడుగుదామని వచ్చాను.

కల్చర్ అక్క | సోమవారం, రాత్రి 11:05

ఒక్క మాట చెప్పు తమ్ముడూ. అలమార్ బ్లూ పోసే ముందు స్కాఫోల్డ్‌ని కొత్త వెల్‌లోకి (ప్లేట్‌లోని ఇంకో గుంటలోకి) మార్చావా? కణాలు వేసిన వెల్‌లోనే పోసేశావా?

కొత్తపోగు | సోమవారం, రాత్రి 11:09

అదే వెల్‌లో అక్కా. మామూలు 24 వెల్ కల్చర్ ప్లేట్.

కల్చర్ అక్క | సోమవారం, రాత్రి 11:48

అయితే నువ్వు కొలిచింది స్కాఫోల్డ్‌ని కాదు, ప్లేట్‌ని.

ట్రిప్సిన్ ఎంజైమ్‌తో ప్లేట్ నుంచి లేపిన కణం గుండ్రంగా 15, 20 మైక్రాన్లు ఉంటుంది. నీ సందు 400 మైక్రాన్లు. కణాలు వేసిన మొదటి గంటలోనే చాలా భాగం సందుల్లోంచి జారి వెల్ అడుక్కి చేరతాయి. అక్కడ వాటికి దొరికేది ఏంటో తెలుసా? కల్చర్ ప్లేట్ కూడా ఉపరితలం మార్చిన పాలిమరే. ఉత్త పాలీస్టైరీన్ మీద ఈ కణాలు సరిగ్గా అంటుకోవు. అందుకే తయారుచేసేటప్పుడే దానికి ప్లాస్మానో కరోనా డిశ్చార్జో ఇచ్చి ఆక్సిజన్ ఉన్న రసాయన గుంపులు ఎక్కిస్తారు. కాబట్టి నీ మూడు గుంపుల కిందా ఎవరో ముందే బ్రహ్మాండంగా ట్రీట్ చేసిపెట్టిన ఒకటే నేల ఉంది. కణాలు దాని మీద హాయిగా పెరిగాయి, రీడింగ్ మూడింటికీ ఒకటే వచ్చింది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ట్రీట్ చేయని స్కాఫోల్డ్ మీద కణాల చుక్క కాసేపైనా పైన నిలబడుతుంది. ట్రీట్ చేసినదాని మీద వేసిన చుక్క పోగుల వెంట పాకి నేరుగా కిందికి దిగిపోతుంది. అంటే బాగా తడిసే స్కాఫోల్డే మొదట్లో ఎక్కువ కణాల్ని పోగొట్టుకోవచ్చు. నీ రీడింగ్‌లో ఆ తేడా ఎటూ కనపడదు.

ఇలా చెయ్యి. వెల్ అడుగున పల్చగా అగరోజ్ (కణాలు అంటుకోని జెల్) పొర పోసుకో, లేదా కణాలు అంటుకోని ప్లేట్ కొనుక్కో (ఖరీదు ఎక్కువ, అగరోజ్ చాలు). స్కాఫోల్డ్‌కి పట్టేంత తక్కువ పరిమాణంలో, కాస్త చిక్కగా కణాలు వెయ్యి. ఇంక్యుబేటర్‌లో గంట, రెండు గంటలు ఉంచి అప్పుడు మిగతా మీడియం (కణాల పోషక ద్రవం) పొయ్యి. చుట్టుపక్కల ఖాళీ వెల్స్‌లో నీళ్లు పోసి ఉంచు, ఆ చిన్న చుక్క ఎండిపోకుండా. రీడింగ్ తీసే ప్రతిసారీ స్కాఫోల్డ్‌ని కొత్త వెల్‌లోకి మార్చు. పాత వెల్ పారెయ్యకు. అందులో ఎన్ని కణాలు మిగిలాయో లెక్కపెడితే వేసినవాటిలో ఎన్ని స్కాఫోల్డ్‌కి పట్టాయో నీకే తెలుస్తుంది.

కణాల్లేని స్కాఫోల్డ్ ఒకటి ప్రతి గుంపు నుంచీ పక్కన పెట్టుకో. అది లేకుండా ఏ రీడింగూ నేను నమ్మను.

ఎస్టర్‌బంధం | మంగళవారం, ఉదయం 7:20

అక్క చెప్పినదాంతో ఏకీభవిస్తున్నా. నేను ఆ 120 డిగ్రీల సంగతి చెప్తాను.

చదునైన పీసీఎల్ ఫిల్మ్ మీద నీటి కాంటాక్ట్ యాంగిల్ 80 డిగ్రీలకి అటూ ఇటూ ఉంటుంది. నీకు 120 వచ్చిందంటే అది పీసీఎల్ లెక్క కాదు, నీ జాలీ లెక్క. 5 మైక్రోలీటర్ల చుక్క వ్యాసం 2 మి.మీ. చిల్లర. పోగూ సందూ కలిపి 800 మైక్రాన్లు. చుక్క కింద ఉండేది రెండు మూడు పోగులు, మిగతాదంతా గాలి. తామరాకు మీద నీటిబొట్టు లాగా గాలి మీద కూర్చుంది. ట్రీట్‌మెంట్ తర్వాత చుక్క లోపలికి పోయింది కదా, అప్పుడు కోణం సున్నా అని రాశావా? అది కూడా తప్పు లెక్కే. సందు లాక్కుంటే ఏ మాత్రం తడిసే ఉపరితలమైనా చుక్కని మింగేస్తుంది.

కోణం కావాలంటే అదే పీసీఎల్‌ని రెండు గాజు పలకల మధ్య కరిగించి చదునైన ఫిల్మ్ చేసి, అదే బ్యాచ్‌లో ట్రీట్ చేసి, దాని మీద కొలువు. థీసిస్‌లో ఫిల్మ్ మీద కొలిచినట్టు స్పష్టంగా రాయి.

ఇక 5 మోలార్ గురించి. సోడియం హైడ్రాక్సైడ్ చేసేది పీసీఎల్ గొలుసులోని ఎస్టర్ బంధాల్ని తెంచడం. తెగిన చోట ఒకవైపు కార్బాక్సిల్, ఇంకోవైపు హైడ్రాక్సిల్ మిగులుతాయి. దాంతో ఉపరితలం తడుస్తుంది, నానో స్థాయిలో గరుకు కూడా తేలుతుంది. పీసీఎల్ లోపలికి నీరు సులువుగా చొరబడదు కాబట్టి పని అంతా పైపొరలోనే జరుగుతుంది, లోపలి పాలిమర్ అణుభారం పెద్దగా మారదు. అయితే ఆ పైపొర కరిగి పోతూనే ఉంటుంది. గాఢత పెంచినా, సమయం పెంచినా పోగు సన్నబడుతుంది, సందు పెద్దదవుతుంది, బలం తగ్గుతుంది. సందు పెద్దదైతే అక్క చెప్పిన జారుడు ఇంకా పెరుగుతుంది. ముందూ వెనకా బరువు తూచు, మైక్రోస్కోప్ కింద పోగు మందం చూడు, నొక్కి బలం చూడు. ఈ మూడూ చూడకుండా 5 మోలార్ జోలికి వెళ్లొద్దు. పీఎల్ఏ, పీఎల్‌జీఏ అనే ఇలాంటి వేరే పాలిమర్లు వాడేవాళ్లు మరీ జాగ్రత్త, అవి పీసీఎల్ కన్నా చాలా వేగంగా తరుగుతాయి. పీసీఎల్ లెక్కలు వాటికి పెట్టొద్దు.

పల్నాటి ప్లాస్మా | మంగళవారం, ఉదయం 9:02

కాస్టిక్ గొడవంతా ఎందుకు? ప్లాస్మా చాలు కదా. పోగు సన్నబడదు, కడగక్కర్లేదు, నిమిషాల్లో పని అయిపోతుంది.

ఎస్టర్‌బంధం | మంగళవారం, ఉదయం 9:31

> ప్లాస్మా చాలు కదా

చాలదు. 5 మి.మీ. ఎత్తున్న జాలీ మధ్యలోకి ఎంత చేరుతుందో ఎప్పుడైనా కోసి చూశారా? ప్లాస్మాలోని రాడికల్స్ (చురుకైన అణు ముక్కలు) పైవరసల పోగుల్ని తాకి అక్కడే ఖర్చయిపోతాయి. చుక్క వేస్తే పైన బాగానే తడుస్తుంది, నడిమధ్యన ఉత్త పీసీఎలే ఉంటుంది.

పల్నాటి ప్లాస్మా | మంగళవారం, ఉదయం 10:15

మరి మీ కాస్టిక్ మధ్యకి చేరిందని ఎలా చెప్తారు? తడవని జాలీని నీటి ద్రావణంలో పడేస్తే మధ్యలో గాలి బుడగ అలాగే కూర్చుంటుంది. రాత్రంతా ఉంచినా బుడగ ఉన్న చోట కాస్టిక్ తగలదు. లోపం ఇద్దరిదీ ఒకటేనండీ.

ప్లాస్మా విషయంలో పీడనం తగ్గించి, సమయం పెంచి, మధ్యలో స్కాఫోల్డ్‌ని తిరగేస్తే కొంత మెరుగవుతుంది. కాకపోతే పీసీఎల్ 60 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి ఒకే బిగిన నడపకూడదు. ఆపి ఆపి ఇవ్వాలి. పక్కన పరీక్ష ముక్క పెట్టుకుని పోగులు అతుక్కున్నాయేమో చూసుకోవాలి.

ఎస్టర్‌బంధం | మంగళవారం, ఉదయం 10:40

బుడగ మాట నిజమే, ఒప్పుకుంటున్నా. దానికి మందు ఉంది. ముందు స్కాఫోల్డ్‌ని ఇథనాల్‌లో ముంచాలి. ఇథనాల్ తలతన్యత 22 మిల్లీన్యూటన్/మీటర్, నీటిది 72. అందుకే అది సందుల్లోకి తేలిగ్గా పోతుంది. పీసీఎల్‌ని కరిగించదు. తర్వాత నీరు కలుపుతూ కలుపుతూ పూర్తిగా నీటికి మార్చాలి. ఆ గిన్నెని డెసికేటర్‌లో (గాలి చొరకుండా మూసే పాత్రలో) పెట్టి వాక్యూమ్ లాగితే మిగిలిన బుడగలు పైకి తేలిపోతాయి. అప్పుడు కాస్టిక్‌లోకి. మధ్యలో ఎండనివ్వకూడదు.

కాస్టిక్ మధ్యదాకా చేరిందో లేదో చూడటానికి టొలుయిడిన్ బ్లూ అనే రంగు వాడండి. పీహెచ్ 10 దగ్గర అది కార్బాక్సిల్ గుంపులకి అంటుకుంటుంది. బాగా కడిగి, స్కాఫోల్డ్‌ని మధ్యకి కోస్తే నీలం ఎంతవరకు పోయిందో కంటికే కనిపిస్తుంది. అంకె కావాలంటే ఎసిటిక్ ఆమ్లంతో రంగు వదిలించి, 630 నానోమీటర్ల దగ్గర కొలవచ్చు. ప్లాస్మా ముక్కని కూడా ఇలాగే కోసి చూడమనండి, మన గొడవ అక్కడే తేలిపోతుంది.

ఊరకే చదివేవాడు | మంగళవారం, మధ్యాహ్నం 1:12

అడ్డొస్తున్నందుకు క్షమించాలి. హైదరాబాద్‌లో 2022లో ఎల్వీ ప్రసాద్ వాళ్లు, ఐఐటీ, సీసీఎంబీ కలిసి కార్నియా ప్రింట్ చేశారు కదా. వాళ్లు ఏ ట్రీట్‌మెంట్ వాడారు?

కల్చర్ అక్క | మంగళవారం, మధ్యాహ్నం 1:50

అది వేరే దారి. మనుషుల కార్నియాలోంచి కణాలు తీసేసి, మిగిలిన మాతృకతో (కణాల చుట్టూ ఉండే అల్లికతో) హైడ్రోజెల్ చేసి, అదే ఇంకుగా వాడారు. ఆ జెల్‌లో నీళ్లే ఎక్కువ, కణాలకి కావలసిన ప్రోటీన్లు అందులోనే ఉంటాయి. ఇక్కడ మన తిప్పలన్నీ గట్టి ప్లాస్టిక్‌తో వచ్చినవి. బరువు మోసే చోటికి జెల్ సరిపోదు కాబట్టి ఎముక వాళ్లకి ఈ ప్లాస్టిక్ తప్పదు.

దవడ డాక్టర్ | మంగళవారం, రాత్రి 9:25

దవడ ఎముకల సర్జన్‌ని. ల్యాబ్ పని నాది కాదు గానీ, మా వైపు నుంచి ఒకటి రెండు మాటలు.

మొదట, ఏ పనికి అన్నది తేల్చుకోండి. మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు 2012లో ఒక పసిబిడ్డ శ్వాసనాళానికి పీసీఎల్ తొడుగు ప్రింట్ చేసి పెట్టారు, 2013లో ప్రచురించారు. కూలిపోతున్న నాళాన్ని బయటనుంచి తెరిచి పట్టుకోవడం, బిడ్డ ఎదిగేకొద్దీ చోటివ్వడం, కొన్నేళ్లకి కరిగిపోవడం, ఇవీ దాని పనులు. నాళాన్ని కుట్లతో దానికి కట్టారు. కణాలు దాన్ని ప్రేమించాల్సిన అవసరం అక్కడ పెద్దగా లేదు. మీరు ఎముక అంటున్నారు, కణాలు మధ్యదాకా పోవాలి. అప్పుడే ఈ చర్చకి అర్థం.

రెండోది, నిల్వ. ఆపరేషన్ గదిలో నేను ప్యాకెట్ విప్పేసరికి దానికి ట్రీట్‌మెంట్ జరిగి నెలలు గడిచి ఉంటాయి. ప్లాస్మా ప్రభావం అన్ని నెలలు నిలుస్తుందా?

మూడోది, స్టెరిలైజేషన్. ఆటోక్లేవ్ 121 డిగ్రీలు, పీసీఎల్ ముద్దవుతుంది. 70 శాతం ఇథనాల్ మీ ల్యాబ్‌కి సరిపోవచ్చు, మాకు కాదు. అది క్రిముల సంఖ్య తగ్గిస్తుంది, స్పోర్‌లని చంపదు. యూవీ జాలీ లోపలి నీడలకి చేరదు. మిగిలేవి ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు, గామా కిరణాలు. గామా మామూలుగా 25 కిలోగ్రే మోతాదు ఇస్తారు, దాంతో పాలిమర్ గొలుసులు మారతాయి. మీ ఉపరితల కొలతలన్నీ స్టెరిలైజ్ చేసిన తర్వాత తీసినవేనా?

పల్నాటి ప్లాస్మా | మంగళవారం, రాత్రి 10:33

డాక్టర్ గారూ, రెండో ప్రశ్నకి నిజాయితీగా జవాబు: నిలవదు. ప్లాస్మాతో పైకి వచ్చిన ధ్రువ గుంపులు గాలిలో ఉంచితే మెల్లగా లోపలికి తిరిగిపోతాయి. పీసీఎల్ గాజు స్థితి ఉష్ణోగ్రత (అంతకన్నా చల్లబడితే గొలుసులు బిగుసుకుపోతాయి) మైనస్ 60 చుట్టూ ఉంటుంది, అంటే గది వేడిలో దాని గొలుసులు బాగా కదులుతూనే ఉంటాయి. పీఎల్ఏకి అదే ప్లస్ 60 ప్రాంతం, కాబట్టి కొంచెం నెమ్మది. నీటిలో నిల్వ ఉంచితే ధ్రువ గుంపులు పైనే ఉండటానికి ఇష్టపడతాయి, కానీ నీటిలో నెలలపాటు ఉంచిన పాలిస్టర్‌ని (పీసీఎల్, పీఎల్ఏ రెండూ అవే) ఎవరూ ప్యాకెట్‌లో అమ్మరు. నేనైతే ప్లాస్మా ఇచ్చిన రోజే కణాలు వేస్తాను. ల్యాబ్ పనికి ప్లాస్మా, ఆస్పత్రికి పోయేదానికి కాస్టిక్ అంటే నాకు అభ్యంతరం లేదు. గరుకు ఎక్కడికీ పోదు కదా.

కొత్తపోగూ, నీ ప్లాస్మా ముక్కలు కణాలు వేసే ముందు ఎన్నాళ్లు డబ్బాలో ఉన్నాయి?

కొత్తపోగు | మంగళవారం, రాత్రి 11:15

వారం పైనే ఉన్నాయి సార్. కాస్టిక్ గుంపుతో కలిపి ఒకేసారి వేద్దామని ఆగాను. చుక్క పరీక్ష మాత్రం ట్రీట్ చేసిన రోజే చేశాను.

కల్చర్ అక్క | మంగళవారం, రాత్రి 11:21

అదీ సంగతి.

ఎస్టర్‌బంధం | బుధవారం, ఉదయం 6:55

కాస్టిక్ ముక్కల కడుగుడు గురించి కూడా అడగాలి. పోగులు ఒకదాని మీద ఒకటి అతుక్కునే మూలల్లో హైడ్రాక్సైడ్ దాక్కుంటుంది. పైపైన కడిగితే పోదు. నీళ్లు మారుస్తూ కుదుపుతూ కడిగి, ఆఖరి నీటి పీహెచ్ చూడాలి. తర్వాత కణాలు లేకుండా మీడియంలో ఒక రోజు నానబెట్టు. మీడియంలోని ఫినాల్ రెడ్ గులాబీ రంగుకి తిరిగితే ఇంకా మిగిలినట్టే. ఈ నానబెట్టడం ఎలాగూ పనికొస్తుంది, సీరంలోని ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ పోగుల మీదకి ఎక్కుతాయి. కణం పట్టుకునేది ప్లాస్టిక్‌ని కాదు, దాని మీద పేరుకున్న ఈ ప్రోటీన్లని. మనం చేసే ట్రీట్‌మెంట్ అంతా సరైన ప్రోటీన్లు సరైన భంగిమలో కూర్చోవడానికే. మరీ నీటికి అతుక్కుపోయే ఉపరితలం మీద ప్రోటీన్లు కూడా సరిగ్గా నిలవవు. కాబట్టి కోణం ఎంత తక్కువైతే అంత మంచిది అనుకోవద్దు.

నల్లపూత | బుధవారం, సాయంత్రం 5:40

ఇన్ని తంటాలు లేకుండా పాలీడోపమైన్ పూస్తే పోలా? ఆల్చిప్పలు రాళ్లకి అతుక్కునే ప్రోటీన్లని చూసి 2007లో మెసర్‌స్మిత్ బృందం చేసిన పద్ధతి. డోపమైన్ హైడ్రోక్లోరైడ్ మిల్లీలీటర్‌కి 2 మిల్లీగ్రాములు, పీహెచ్ 8.5 ట్రిస్ బఫర్, 24 గంటలు. టెఫ్లాన్ మీద కూడా పడుతుంది. మా ల్యాబ్‌లో దీనికి మించింది లేదు. తెల్ల స్కాఫోల్డ్ నల్లగా మారడం చూస్తేనే ముచ్చటేస్తుంది.

ఎస్టర్‌బంధం | బుధవారం, సాయంత్రం 6:30

మంచి పద్ధతే. అయితే బుడగ ఇక్కడా శత్రువే. పైగా ఈ చర్యకి గాలిలోని ఆక్సిజన్ కావాలి కాబట్టి గిన్నె మూత తీసి, కలుపుతూ ఉండాలి. ద్రావణంలోనే ఏర్పడిన నల్ల రేణువులు సందుల్లో చేరితే వదిలించడం కష్టం.

ఇంకో హెచ్చరిక. ఆ నలుపు కాంతిని మింగుతుంది, పైగా పాలీడోపమైన్ తనే క్షయకరణ చేయగలదు, ఈ పరీక్షల్లో రంగు మారేదీ ఆ చర్యతోనే. రంగు మారే పరీక్షలు, ఎంటీటీ అయినా అలమార్ బ్లూ అయినా, కణాల్లేకుండానే తప్పుడు అంకె ఇవ్వొచ్చు. డీఎన్ఏ కొలిచే పద్ధతితో సరిచూసుకోకుండా పాలీడోపమైన్ గెలిచిందని అనకండి.

కల్చర్ అక్క | బుధవారం, రాత్రి 8:10

ఇదే కోవలో ఇంకొకటి. కృత్రిమ శరీర ద్రవంలో, అదే జపాన్‌లో కొకుబో గారు రూపొందించిన ఎస్‌బీఎఫ్‌లో, ముంచి ఎపటైట్ (ఎముకలో ఉండే లాంటి కాల్షియం ఖనిజం) పూత వేసేవాళ్లు చివర్లో అలిజరిన్ రెడ్ వేసి "చూడండి ఎర్రగా వచ్చింది, కణాలు ఖనిజం చేశాయి" అంటారు. పూతలో ఉన్న కాల్షియం కూడా ఎర్రగానే వస్తుంది తల్లీ! కణాలు లేని పూత ముక్కకి కూడా అదే రంగు వేసి, పక్కన పెట్టి చూపించాలి. రివ్యూకి వచ్చే పేపర్లలో ఇది చూసి చూసి విసుగొచ్చింది.

నిర్వాహకులు | గురువారం, ఉదయం 9:00

ఈ చర్చ చూసి కొందరు ఇంట్లోనే కాస్టిక్ ప్రయత్నిస్తామని సందేశాలు పంపారు. దయచేసి వద్దు. ల్యాబ్‌లో చేసేవాళ్లు కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. పలుకుల్ని నీటిలో కొద్దికొద్దిగా వేయాలి, పలుకుల మీద నీళ్లు పోయకూడదు, బాగా వేడెక్కి చిందుతుంది.

కొత్తపోగు | మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:36

అందరికీ ధన్యవాదాలు. గైడ్ గారికి ఈ చర్చ చూపించాను. 5 మోలార్ మాట పక్కన పెట్టారు.

మళ్లీ మొదట్నించీ చేశాను. ఇథనాల్, నీరు, వాక్యూమ్, తర్వాత 3 మోలార్. ప్లాస్మా గుంపుకి అదే రోజు కణాలు. అగరోజ్ అడుగు. ప్రతి రీడింగ్‌కీ కొత్త వెల్. ఈసారి ఒకటో రోజే తేడా తెలిసింది. ట్రీట్ చేయని గుంపు బాగా వెనకబడింది. కాస్టిక్, ప్లాస్మా మధ్య మాత్రం తేడా చెప్పుకోదగ్గది లేదు. ఏడో రోజుకి మూడూ కొంత దగ్గరయ్యాయి గానీ ఒకటి కాలేదు.

టొలుయిడిన్ బ్లూతో కోసి చూస్తే ఎస్టర్‌బంధం గారు, ప్లాస్మా గారు ఇద్దరూ నెగ్గారు. ప్లాస్మా ముక్కలో పైనా కిందా నీలం, మధ్యలో పాలిపోయింది. కాస్టిక్ ముక్కలో వాక్యూమ్ పెట్టినవాటికి మధ్యదాకా నీలం, పెట్టనివాటిలో తెల్ల మచ్చలు. కాస్టిక్ ముక్కల బరువు కొద్దిగా తగ్గింది. బలం పరీక్ష ఇంకా అవ్వలేదు, మెషిన్ క్యూలో ఉంది.

ఒక అనుమానం మిగిలింది. మధ్యదాకా నీలం ఉన్నా, లైవ్ డెడ్ రంగు (బతికినవీ చచ్చినవీ వేరుగా చూపేది) వేసి చూస్తే కణాలు పై రెండు మూడు వరసల్లోనే ఉన్నాయి. ఇంకో సంగతి, కోసేటప్పుడు పీసీఎల్ మెత్తగా సాగి సందుల మీద పూసుకుపోతోంది, మధ్యలో ఏముందో సరిగ్గా కనపడటం లేదు.

కల్చర్ అక్క | ఆదివారం, రాత్రి 10:02

కణాలు పైనే ఉన్నాయంటే అది ఉపరితలం తప్పు కాదు, సీడింగ్ (కణాలు వేసే పద్ధతి) తప్పు. పైనుంచి ఒక చుక్క వేస్తే అవి దారిలో దొరికిన మొదటి పోగునే పట్టుకుంటాయి. బాగా అంటుకునే ఉపరితలమైతే ఇంకా త్వరగా పట్టుకుంటాయి. సగం కణాలు వేసి, అరగంట ఆగి, స్కాఫోల్డ్ తిరగేసి, మిగతా సగం వెయ్యి. దానికీ లొంగకపోతే మీడియంని లోపలనుంచి పారించే పర్‌ఫ్యూజన్ పద్ధతికి వెళ్లాలి. దానికి ఎవరి ల్యాబ్‌లోనైనా పంపు అరువు దొరుకుతుందేమో చూడు.

పల్నాటి ప్లాస్మా | ఆదివారం, రాత్రి 10:20

కోయడానికి: స్కాఫోల్డ్‌ని ద్రవ నత్రజనిలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, తీసిన వెంటనే కొత్త బ్లేడుతో ఒక్క దెబ్బ. మైనస్ 196లో పీసీఎల్ సాగదు, పెళుసుగా విరుగుతుంది. కణాలున్న ముక్కలైతే ముందు ఫిక్స్ చేసి (రసాయనంతో కణాల్ని ఉన్నవి ఉన్నట్టు నిలిపి), ఆల్కహాల్‌తో నీరు తీసేసి చెయ్యి, లేకపోతే మంచు కణాల్ని చీల్చేస్తుంది. లైవ్ డెడ్ చూడాల్సిన ముక్కకి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, దాన్ని చల్లటి బఫర్‌లో పదునైన బ్లేడుతోనే కోసుకోవాలి.

కొత్తపోగు | ఆదివారం, రాత్రి 10:31

సరే సార్. రేపు నత్రజని డబ్బా వస్తుంది. బలం రీడింగ్‌లు రాగానే, 3 మోలార్‌లో వేర్వేరు గంటలు ఉంచిన ముక్కల పోగు మందంతో కలిపి ఇక్కడే పెడతాను.